ఒక్క గుంట తేడా

ఈస్టుకు నోరు లేదు. ఏ మందుకు లొంగుతుందో, ఏ మందును లెక్కచెయ్యదో దాని తరఫున ఎవరో ఒకరు చెప్పాలి. థాయ్‌లాండులో, ఉబోన్‌లోని ఆ పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఆ మాట చెప్పే హక్కు ఇద్దరికే ఉండేది. ఒకరు ఉరైవన్ అనే పెద్దావిడ, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. రెండోది సుపాణి. ఉరైవన్ చేతికింద నాలుగేళ్లు నలిగి, తిట్లు తిని, పనిమంతురాలనిపించుకున్న మనిషి.

పని చూడ్డానికి చిన్నదే. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ప్లేటు, దానిలో ఎనిమిది వరుసల గుంటలు. వరుసకొక రోగి ఒంట్లోంచి తీసిన ఈస్టు, అంటే బూజు జాతి క్రిమి. ఎడమచివరి గుంటలో మందు అన్నిటికన్నా ఎక్కువ, మామూలుగా అరవై నాలుగు పాళ్లు; అక్కణ్ణుంచి కుడికి గుంట గుంటకూ సగం సగం తగ్గుతూ పోతుంది. ఒక రోజు వెచ్చగా ఉంచి తీసి చూస్తే, గుంట తేటగా ఉంటే మందు గెలిచినట్టు, మబ్బుగా ఉంటే ఈస్టు గెలిచినట్టు. ఇంతేనా అనుకుంటారు కొత్తవాళ్లు. ఫ్లుకొనజోల్ ప్లేటు మొదటిసారి చేతికిచ్చినప్పుడు తెలుస్తుంది సంగతి. ఆ మందుకు ఈస్టు ఒక్క దెబ్బకు చావదు. పలచటి మబ్బు తోకలాగా వరుస పొడుగునా మిగిలిపోతుంది. ఆ తోకను చూసి బెదరకుండా, పెరుగుదల సగానికి పడిపోయిన గుంట ఎక్కడుందో పట్టుకోవాలి. సగం అంటే ఎంత? అది పుస్తకంలో ఉండదు, చూసే కంట్లో ఉంటుంది. చదివే యంత్రం కొందామని పైవాళ్లు ఒకసారి అనుకున్నారు గానీ, ఉరైవన్ ఉండగా యంత్రమెందుకులే అని ఆ మాట అక్కడితో వదిలేశారు.

కన్ను ఎవరిదైనా పొరపాటు పడొచ్చు కాబట్టి ఆ లాబ్‌లో ఒక కట్టుబాటు ఉంది. ప్లేటును ఇద్దరూ విడివిడిగా చదవాలి. మొదటి మనిషి చదివి, ఏ వరుస ఈస్టు ఎన్ని పాళ్ల గుంటలో లొంగిందో ఆ సంఖ్యలు చీటీ మీద రాసి, రెండు మడతలు పెట్టి, పిన్ను కొట్టి బల్ల మీద ఉంచాలి. రెండో మనిషి ఆ పిన్ను ముట్టుకోకుండా తను చదివి తన చీటీ రాయాలి. ఆ తర్వాతే రెండు చీటీలూ విప్పి పక్కపక్కన పెట్టి చూసేది. ఒక్క గుంట తేడా వస్తే ఫరవాలేదు, మనుషుల కళ్లన్నాక ఆమాత్రం ఉంటుంది. అంతకు మించితే పక్క బల్ల నుంచైనా మూడో మనిషిని పిలవాలి. ఈ పద్ధతి పెట్టింది ఉరైవనే.

సుపాణికి చదివే హక్కు వచ్చిన రోజున ఉరైవన్ లాబ్ వంటగదిలో జిగురు అన్నం, ఉడికించిన గుడ్డు ఆమె చేతిలో పెట్టి, మణికట్టుకు దీవెనగా తెల్లదారం కట్టింది. “బెదిరిపోయిన ప్రాణమా, తిరిగి రా, ఈ పిల్ల చేతిలో కూర్చో” అని పెద్దవాళ్లు అనే మాటలన్నీ అంది. అని, దారం చివర లాగి బిగిస్తూ, “ప్రాణం వస్తే సరిపోదే, కన్ను కూడా రావాలి” అంది. అందరూ నవ్వారు. సుపాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత అక్క లేని మనిషి ఆమె.

మొదట్లో వాళ్ల చీటీలు రోజూ కొట్టుకునేవి. సుపాణి తోకకు బెదిరి ఎప్పుడూ ఒక గుంట ఎక్కువ రాసేది. “ఇదేం చదువే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు మబ్బుని” అని ఉరైవన్ వెక్కిరించేది. క్రమంగా తేడాలు తగ్గాయి. కిందటి ఏప్రిల్‌లో సాంగ్‌క్రాన్, అంటే కొత్త ఏడాది సెలవుల తర్వాత అయితే అసలే లేవు. వరుసగా రెండు నెలలు ఒక్క గుంట కూడా తేడా రాకపోయేసరికి ఉరైవన్ రెండు చీటీలూ చేత్తో ఎత్తి పట్టుకుని, లాబ్ అంతటికీ వినపడేలా చెప్పింది:

“చూశారా? నా కన్ను దీనికొచ్చేసింది. ఇక నేను పోయినా బెంగలేదు.”

ఆ మాట సుపాణి తల్లికి ఫోన్ చేసి చెప్పుకుంది. ముక్దాహాన్‌లో ఉన్న పిన్నికి చెప్పుకుంది. పచ్చి బొప్పాయి పచ్చడి దంచి అమ్మే అంగడి ఆవిడకు కూడా చెప్పింది, ఆవిడకు ఈస్టు అంటే ఏమిటో తెలియకపోయినా.

నవంబరులో ఒక సోమవారం ప్రొద్దున సుపాణి ఒక తప్పు చేసింది. ప్లేటులో ఐదో వరుస కాస్త మందకొడిగా పెరిగింది. దాన్ని తర్వాత తీరిగ్గా చూద్దామని ఆరో వరుస ముందు చదివింది. చీటీలో తర్వాతి ఖాళీ ఏదో అందులోనే సంఖ్య వేసేసింది. వెనక్కి వచ్చి ఐదో వరుస చదివి, ఆ సంఖ్యను మిగిలిన ఖాళీలో వేసింది. అంటే ఐదోవారిది ఆరోవారికి, ఆరోవారిది ఐదోవారికి. మడత పెట్టి పిన్ను కొట్టింది. ఉరైవన్ వచ్చి తన చీటీ రాసింది. రెండూ విప్పితే ఎప్పటిలాగే అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. సుపాణి టిక్కు పెట్టి కంప్యూటర్లో ఎక్కించి, రెండు చీటీలూ కలిపి ఫైల్లో పెట్టింది. ప్లేటు ఆటోక్లేవ్ ఆవిరిలో ఉడికి చెత్తలోకి పోయింది.

ఐదో వరుసలో ఉన్నది లమ్యై అనే ఆవిడ రక్తంలోని ఈస్టు. సంతలో అరటికాయలు వేయించి అమ్ముకునే మనిషి, పేగు ఆపరేషన్ అయి ఐసీయూలో ఉంది. ఫ్లుకొనజోల్‌కు లొంగుతుందని కాగితం వెళ్లింది కాబట్టి డాక్టరు ఫ్లుకొనజోలే ఎక్కించాడు. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు, రక్తంలో ఈస్టు పోలేదు. శుక్రవారం ఐసీయూ నుంచి ఫోన్ వచ్చింది: “మీ కాగితం మీద ఒకటుంది, మనిషి ఒంట్లో ఇంకొకటుంది. మళ్లీ చూడండి.”

లాబ్ అధికారి డాక్టర్ ప్రపాస్ దాచి ఉంచిన ఈస్టును తీయించి, బాక్టీరియా బల్ల దగ్గర పనిచేసే కన్నిక చేత మళ్లీ పరీక్ష పెట్టించాడు. శనివారం ఫలితం వచ్చింది. అరవై నాలుగు. అంటే ఫ్లుకొనజోల్‌ను ఆ ఈస్టు నీళ్లలాగా తాగుతుంది. వెంటనే మందు మార్చారు. సోమవారం తెల్లారేసరికి లమ్యై పోయింది. మందు ముందే మారి ఉంటే బతికేదా, లేక ఆ పేగు జబ్బుకే పోయేదా అంటే ఎవరూ ఇదమిత్థమని చెప్పలేకపోయారు. చెప్పలేకపోవడం సుపాణికి ఇంకా నరకమైంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు శనివారమే అర్థమైంది. ఆరో వరుస రోగికి అనవసరంగా కిడ్నీలను దెబ్బతీసే మందు పెట్టారని కూడా తెలిసేసరికి ఇక సందేహం లేదు. రెండు వరుసలు తారుమారు చేసింది తను. ఆదివారమంతా అన్నం ముట్టలేదు. ఉరైవన్ ఇంటికి వెళ్లి గడప దగ్గరే కూలబడి ఏడ్చింది.

“అక్కా, నేనే. ఐదు, ఆరు మార్చేశాను. నా చేత్తో నేనే.”

ఉరైవన్ ఆమె తల నిమిరింది. మంచినీళ్లు ఇచ్చింది. “ఊరుకో. రేపు డాక్టరుగారి ముందు నిజం చెప్పు. నేను పక్కనే ఉంటాగా” అంది. ఆ ఒక్కమాట పట్టుకునే సుపాణి ఆ రాత్రి కన్ను మూసింది. ఇద్దరం కలిసే పొరపాటు పడ్డాం, ఇద్దరం కలిసే మాటపడదాం అనుకుంది. ఇద్దరికీ ఒకే పొరపాటు ఎలా జరిగిందన్న ప్రశ్న అప్పటికి ఆమె బుర్రకు తట్టలేదు. అక్క మీద అనుమానం రావడానికి ఆ బుర్రలో చోటే లేదు మరి.

సోమవారం పదింటికి డాక్టర్ ప్రపాస్ గదిలో కూర్చున్నారు. ఆయన, ఉరైవన్, సుపాణి, కన్నిక. సుపాణి చేతులు జోడించి, తల వంచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టర్ ప్రపాస్ అరిచే మనిషి కాడు. ఫైలు తెరిచి రెండు చీటీలూ బల్ల మీద పరిచాడు. ఒక్కో గడీ వేలితో పోల్చి చూశాడు.

“పొరపాటు పడ్డానన్నావు. మనుషులం, పడతాం. అందుకేగా ఇద్దరు చదివేది” అన్నాడు. “కానీ ఉరైవన్ చీటీలో సరిగ్గానే ఉందిగా? ఐదుకు అరవై నాలుగు, ఆరుకు అర. నీకూ ఆవిడకూ ఇంత తేడా ఉంటే మూడో మనిషిని పిలవకుండా నీది ఎందుకు ఎక్కించావు?”

సుపాణికి ఆయన మాట అర్థం కాలేదు. ముందుకు వంగి చూసింది. ఒకటి తన చీటీ. రెండోది ఉరైవన్ చేతిరాత. అదే గుండ్రటి రాత. ఐదో గడిలో 64.

“ఇది కాదండి” అంది. “ఆ రోజు రెండూ ఒకటే ఉన్నాయి. నేను చూశాను. టిక్కు పెట్టాను.”

“టిక్కు ఉంది. అదే అడుగుతున్నా.”

“అక్కా, నువ్వు చెప్పు. ఒకటే ఉన్నాయిగా?”

ఉరైవన్ కళ్లజోడు తీసి, భుజం మీది పట్టు శాలువా కొసతో తుడుచుకుంది. కోపంగా కూడా చెప్పలేదు. ఎంతో జాలిగా చెప్పింది.

“ఆ రోజు దీనికి పనెక్కువైంది డాక్టరుగారూ. ఏడు ప్లేట్లు. కంగారులో నా చీటీ సరిగా చూసుండదు. చిన్నపిల్ల, కాస్త చూసీచూడనట్టు వదిలెయ్యండి. పెద్దదాన్ని, నా మొహం చూసి.”

సుపాణి అక్క వైపు తిరిగి చూసింది. తిట్టి ఉంటే తట్టుకునేది. లాబ్ నుంచి పొమ్మన్నా తట్టుకునేది. వెనకేసుకొచ్చినట్టు వచ్చి, నిర్లక్ష్యంగా ఒక మనిషి ప్రాణం తీసిన దాన్ని చేసి కూర్చోబెట్టింది అక్క. నిన్న తల నిమిరిన చెయ్యే ఆ చీటీ రాసింది. ఎప్పుడు రాసింది? తను గడప దగ్గర ఏడవకముందే రాసి పెట్టుకుందా? బీరువా తాళాలు ఉరైవన్ దగ్గరే ఉంటాయి. శనివారం కన్నిక ఫలితం చెప్పినప్పుడు ఉరైవన్ లాబ్‌లోనే ఉంది.

“ఏమంటావు?” అన్నాడు డాక్టర్ ప్రపాస్.

ఏమంటుంది? ఇరవై తొమ్మిదేళ్ల మనిషి మాట ఒకవైపు, తప్పు ఒప్పుకున్న మనిషి మాట ఇంకోవైపు. కళ్లు ఆ 64 మీద నుంచి కదల్లేదు. ఆ అంకెలో ఏదో తప్పుంది. చూసే కొద్దీ తప్పుగానే కనిపించింది. ఒక్క క్షణం తర్వాత అదేమిటో తెలిసింది.

“అక్కా” అంది మెల్లగా. “ఐదో వరుసలో ఏ గుంట తేటగా ఉంది ఆ రోజు?”

“అదేం ప్రశ్నే? మొదటి గుంట. అరవై నాలుగు అంటే మొదటి గుంటేగా.”

“దాని పక్కది?”

“మబ్బు. అక్కణ్ణుంచి చివరిదాకా మబ్బే.”

“నీకు బాగా గుర్తుందా?”

“ముప్పై ఏళ్లు కావస్తోంది చదవబట్టి. నన్ను పరీక్షిస్తున్నావా నువ్వు?” ఉరైవన్ గొంతు కొద్దిగా హెచ్చింది.

సుపాణి కన్నిక వైపు తిరిగింది. “కన్నికా, ఫ్లుకొనజోల్ పొడి కొత్త సీసా నువ్వు ఎప్పుడు తెచ్చావు?”

“గురువారం” అంది కన్నిక. “అంతకుముందు పది రోజులు స్టోర్‌లో లేదుగా. నువ్వే గొణిగావు, ఉన్నదాంతో సర్దుకుంటున్నానని.”

“ఎలా సర్దుకున్నాను?”

“ముప్పై రెండు దగ్గర మొదలుపెట్టి పోశావు ప్లేట్లు.” అంటూనే కన్నిక ఆగిపోయింది. మెల్లగా ఉరైవన్ వైపు చూసి, వెంటనే చూపు దించేసుకుంది.

డాక్టర్ ప్రపాస్ లేచి వెళ్లి ప్లేట్లు పోసిన పుస్తకం తనే తెచ్చాడు. పేజీ తిప్పాడు. సుపాణి రాతలో ఉంది: పొడి తక్కువ, మొదటి గుంట 32, ప్రతి మూత మీదా రాయడమైనది. ఆ సోమవారం ప్లేటులో అరవై నాలుగు అనే గుంటే లేదు. ఉన్న ఎనిమిది వరుసల్లో ఎక్కడా లేదు. ఐదో వరుస ఆ రోజు మొదటి గుంట నుంచి చివరిదాకా మబ్బే. సుపాణి తన చీటీలో తప్పు గడిలో వేసినా, వేసింది మాత్రం ‘32 పైన’ అని. అరవై నాలుగు పుట్టింది శనివారం, కన్నిక పెట్టిన ప్లేటులో.

“మూత మీద ఇంత అక్షరాలతో రాశాను అక్కా” అంది సుపాణి. ఇప్పుడు ఏడుపు ఆగలేదు. “ప్లేటు చేత్తో పట్టుకున్న ఎవరికైనా కనిపిస్తుంది. నువ్వు ఆ ప్లేటు చూడలేదు. ఆ రోజు అసలు చూడలేదు. నా చీటీ పిన్ను తీసి చూసి రాసుకున్నావు. ఇద్దరు మనుషులు ఒకే రోజు ఒకే వరుస దాటేసి వెనక్కి రారు కదక్కా!”

ఉరైవన్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది. చివరకు బల్ల మీద పెట్టేసింది.

“చూడాలని లేక కాదు” అంది. “చూస్తే అన్నీ మబ్బుగానే కనిపిస్తున్నాయి. తేట గుంట కూడా మబ్బే. మొదటి గుంట మబ్బే, చివరి గుంట మబ్బే. మీ మొహాలూ మబ్బే. రెండు కళ్లలోనూ పొర వచ్చింది. ఆపరేషన్ చేస్తామన్నారు, అయ్యాక చదవనిస్తారో లేదో అని భయపడ్డాను. ఈ బల్ల తప్ప నాకేముంది డాక్టరుగారూ? పిల్లలా, జెల్లలా? దీని చీటీ ఉందిగా, ఇది తప్పు చదవదుగా అనుకున్నాను. నాకన్నా బాగా చదువుతుంది ఇది.”

జాలిపడాల్సిన మాటే. డాక్టర్ ప్రపాస్ జాలిపడ్డాడు, కన్నిక ముక్కు ఎగబీల్చింది. సుపాణికి మాత్రం జాలి రాలేదు. వచ్చి ఉంటే బాగుండునని ఆమెకే అనిపించింది.

“నాతో చెప్పి ఉంటే సరిపోయేది” అంది. “నీకు కనపడ్డం లేదని ఒక్కమాట. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదంటావా? చెప్పేదాన్నే. చెప్పి, కన్నికను కూర్చోబెట్టి, నిన్ను ఆపరేషన్‌కి నేనే తీసుకెళ్లి, నెలరోజులు జావ కాచి తాగించేదాన్ని. అది ఒద్దనుకున్నావు. సరే. కానీ నిన్న నీ గడప దగ్గర ఏడుస్తుంటే నీళ్లిచ్చావు చూడు. అప్పటికే ఈ చీటీ రాసేశావా?”

ఉరైవన్ బల్ల మీది కళ్లజోడు కోసం తడుముకుంది.

“రాసేశావా అక్కా?”

“శనివారం సాయంత్రం” అంది ఉరైవన్, ఎవరికో చెప్పినట్టు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. సుపాణిని మూడు నెలలు చదవనివ్వలేదు. తప్పు తప్పే కాబట్టి ఆమె మారు మాట్లాడలేదు. ఉరైవన్ స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటున్నట్టు కాగితం రాసిచ్చి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లు నిండటానికి ఏడు నెలలుంది. వెళ్లేరోజు సుపాణి బల్ల దగ్గర కాసేపు నిలబడింది. సుపాణి గాజు గొట్టాలు కడుగుతూ తల ఎత్తలేదు. అడుగులు తలుపుదాకా పోయి ఆగాయి, మళ్లీ కదిలాయి. అంతే.

చదవడం లేని ఆ మూడు నెలలు సుపాణికి పాత ఫైళ్లు సర్దే పని ఇచ్చారు. అందులో చీటీలు దొరికాయి, జతలు జతలుగా. మొదటి మూడున్నర ఏళ్ల చీటీల్లో ప్రతి వారమూ తేడాలు, ఎర్రసిరాతో ఉరైవన్ వెక్కిరింతలు: ‘దెయ్యం లేదు, మబ్బే’, ‘సగం అంటే సగం, పావు కాదు’. సాంగ్‌క్రాన్ తర్వాతవి ఒక్కొక్కటే తిప్పింది. ఏప్రిల్, మే, జూన్. ఒక్క గుంట తేడా కూడా లేదు. రెండు జతల కళ్లు అన్ని వందల వరుసలు చదివి ఒక్కసారి కూడా విభేదించకపోవడం జరిగే పని కాదని ఏ కొత్తపిల్లకైనా తెలియాలి. తనకు తెలియలేదు. తెలుసుకోబుద్ధి కాలేదు.

జూన్ ఫైలు ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది. తల్లికి చెప్పుకుంది, పిన్నికి చెప్పుకుంది, బొప్పాయి దంచే ఆవిడకు చెప్పుకుంది. నా కన్ను దీనికొచ్చేసింది అని అక్క అందరి ముందూ అన్న రోజున అక్క చేతిలో ఉన్నవి రెండూ తన చీటీలే. లమ్యై విషయంలో చేసిన మోసాన్ని ఎప్పటికైనా క్షమించగలనేమో అనుకుంది. ఇది మాత్రం చేతకాదు. బతుకులో తనను ఎవరైనా గొప్పగా మెచ్చుకున్నది అదొక్కసారే.

ఫిబ్రవరిలో మళ్లీ చదవనిచ్చారు. ఇప్పుడు రెండో మనిషి కన్నిక. మొదటి రోజు సుపాణి ప్లేటు చదివింది. ఐదు తర్వాత ఆరు, ఆరు తర్వాత ఏడు, వేలు పెట్టి మరీ. చీటీ రాసి, రెండు మడతలు పెట్టి, పిన్ను కొట్టింది. బల్ల మీద పెట్టబోయి ఆగి, కోటు జేబులో వేసుకుంది. కన్నిక అది చూసింది.

కన్నిక ప్లేటు మీద వంగి చాలాసేపు చదివింది. గొణిగింది, లెక్కపెట్టింది, మళ్లీ మొదటికొచ్చింది. చివరకు తన చీటీ ఇచ్చింది. సుపాణి జేబులోంచి తనది తీసి పక్కన పెట్టి విప్పింది. ఏడు వరుసలు కలిశాయి. మూడో వరుసలో సుపాణి రెండు అని రాసింది, కన్నిక నాలుగు అని రాసింది.

“అయ్యో, తప్పు చదివానా?” అంది కన్నిక కంగారుగా. “తోక చూసి బెదిరిపోయాను. మార్చెయ్యనా?”

“వద్దు!” అంది సుపాణి. ఎంత గట్టిగా అందంటే అవతలి బల్లవాళ్లు తిరిగి చూశారు. “మార్చకు. అలాగే ఉండనీ.”

సుపాణి ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుంది. కన్నిక రాసిన ఆ నాలుగును చాలాసేపు చూసింది. ఆ ప్లేటును తనతోపాటు ఇంకో మనిషి నిజంగా చూసింది. అది తెలిసి గుండె కుదుటపడాల్సింది. బదులుగా ఉరైవన్ గుర్తొచ్చి, మూడు నెలలుగా రాని ఏడుపంతా ఆ బల్ల దగ్గరే వచ్చేసింది.